తుప్ప అని కొట్టేసే ముందు

వార్షికోత్సవం దగ్గర పడుతోందంటే మన హాస్టళ్ళలో అందరికంటే ముందు పనిలోకి దిగేది పార, కత్తి. ఒక పక్క పాటల ప్రాక్టీసు, నాటిక రిహార్సల్సు సాగుతుంటే మరో పక్క శ్రమదానం మొదలవుతుంది. ప్రహరీ గోడ వెంట ఏ తుప్ప కనిపించినా కొట్టేస్తాం. నేల నున్నగా గీకుతాం. ఇటుకలు ఏటవాలుగా పాతి సున్నం వేస్తాం. స్టేజి ముందు క్రోటన్ కుండీలు వరసగా పెడతాం. ముఖ్య అతిథి చేత ఒక మొక్క నాటించి, ఫొటో తీయించి, చప్పట్లు కొడతాం.

ఇందులో పిల్లల కష్టాన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఏది కొట్టేస్తున్నాం, ఏది నాటుతున్నాం అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయడం లేదు. కొట్టేసిన తుప్పల్లో తంగేడు ఉండవచ్చు, వావిలి ఉండవచ్చు. అవి ఈ నేలకు వేల ఏళ్ళుగా అలవాటు పడిన మొక్కలు. వాటి చోట పెట్టిన క్రోటన్ ఎక్కడో పసిఫిక్ దీవుల నుంచి వచ్చి, రోజూ నీళ్ళు పోస్తే తప్ప బతకని మొక్క.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ప్రతి సంక్షేమ హాస్టల్ ప్రహరీ లోపల ఒక వరుస తంగేడు ఉండాలి. దానికి డబ్బు అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. దాన్ని నమ్ముకుని బతికే ప్రాణులు మాత్రం చాలా ఉన్నాయి. ఎందుకో వివరిస్తాను.

వేసవి సెలవులే అసలు పరీక్ష

మన హాస్టళ్ళలో నాటిన మొక్కలు ఎందుకు బతకవు? పిల్లలకు శ్రద్ధ లేదని పెద్దలు అంటారు. అది పూర్తి నిజం కాదు. జూన్, జూలై నెలల్లో వనమహోత్సవం పేరుతో మొక్క నాటుతాం. వానలు ఉన్నన్నాళ్ళు అది పచ్చగానే ఉంటుంది. చలికాలంలో బకెట్టుతో నీళ్ళు పోస్తాం. ఏప్రిల్ చివరి వారంలో హాస్టల్‌కి తాళం పడుతుంది. పెట్టెలు సర్దుకుని ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోతాం. మళ్ళీ జూన్ రెండో వారం దాకా ఆ ఆవరణలో నీళ్ళు పోసే చెయ్యి ఉండదు. సంవత్సరంలో ఎండ అన్నిటికంటే ఎక్కువ కాసే ఆ ఆరేడు వారాలూ మొక్క ఒంటరిగా నిలబడాలి. నిలబడలేనిది ఎండిపోతుంది. మరుసటి ఏడు అదే గోతిలో ఇంకో మొక్క, ఇంకో ఫొటో.

ఐక్యరాజ్యసమితి 2017లో మే 20వ తేదీని ప్రపంచ తేనెటీగల దినోత్సవంగా ప్రకటించింది. తమాషా ఏమిటంటే ఆ రోజున మన హాస్టళ్ళకు తాళాలు ఉంటాయి! కాబట్టి తేనెటీగలకూ తుమ్మెదలకూ మనం ఏమైనా చేయదలచుకుంటే, మనం లేనప్పుడు కూడా బతికే మొక్కనే ఎంచుకోవాలి.

తంగేడు అటువంటి మొక్క. మెట్ట నేలలో, రాతి గొగ్గిలో, రోడ్డు వారన దుమ్ములో కూడా పెరుగుతుంది. ఒకసారి వేరు లోతుకు దిగిందంటే నీళ్ళ కోసం మన వైపు చూడదు. పశువులు, మేకలు దాని జోలికి పెద్దగా రావు, కనుక ముళ్ళకంప కట్టే పని కూడా తప్పుతుంది. ఇంకొక మాట కూడా మన హాస్టల్ పిల్లలకు ముఖ్యం. మర్రి, రావి నాటితే దాని నీడ మన తర్వాత వచ్చే వాళ్ళకు దక్కుతుంది. తంగేడు మాత్రం సాధారణంగా రెండో ఏటికే పూస్తుంది. ఎనిమిదో తరగతిలో విత్తనం వేసిన తమ్ముడు పదో తరగతి పరీక్షలు రాసే లోపే దాని పువ్వు చూస్తాడు. తాను పెట్టిన మొక్క పూయడం కళ్ళారా చూసిన పిల్లవాడు మొక్కల గురించి ఇంకెవరి ఉపన్యాసమూ వినవలసిన అవసరం ఉండదు.

పసుపు పూలన్నీ తంగేడు కావు

నర్సరీకి వెళ్ళి తంగేడు ఇవ్వమంటే ఏదో ఒక పసుపు పూల మొక్క చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. రోడ్ల పక్కన ఎత్తుగా పెరిగే సీమ తంగేడు వేరు, అది ఆగ్నేయాసియా చెట్టు. గంటల ఆకారంలో పసుపు పూలు పూసే టెకోమా వేరు, అది అమెరికా ఖండాల నుంచి వచ్చింది. మన తంగేడు మనిషి ఎత్తుకు అటూ ఇటూగా పెరిగే తుప్ప. గుర్తు పట్టడం తేలిక. ఆకు కాడ మొదట్లో చెవి తమ్మె ఆకారంలో రెండు చిన్న రెక్కలు ఉంటాయి. దాని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటాలోని రెండో మాటకు అర్థం చెవులు కలది అనే. కాయ బల్లపరుపుగా, ఎండితే కాగితంలా పలచగా, గోధుమ రంగులో ఉంటుంది.

లిన్నేయస్ 1753లోనే దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. తర్వాత దీనిని సెన్నా ప్రజాతిలో చేర్చిన విలియం రాక్స్‌బర్గ్ మన తెలుగు నేలకు పరాయివాడు కాదు. కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళక ముందు, 1780ల్లో, ఆయన తూర్పు గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో ఉండి మొక్కల మీద పని చేశాడు. ఎన్నో మొక్కలకు తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. పొలాల్లోకి పోయి పల్లెటూరి వాళ్ళను అడిగితే తప్ప ఆ పేర్లు ఆయనకు తెలిసేవి కావు. ఈ మాట గుర్తుంచుకోండి, దీని అవసరం ముందు వస్తుంది.

తెలంగాణ రాష్ట్రం 2014లో తంగేడును తన రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకుంది. అక్కడ బతుకమ్మకు తంగేడు పువ్వు లేనిదే నిండుదనం రాదు. ఆంధ్రప్రదేశ్ 2018లో మల్లెను రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. అంతమాత్రాన తంగేడు మనది కాకుండా పోదు. మొక్కలకు రాష్ట్ర విభజన లేదు.

తుమ్మెదకు తంగేడుకు ఒప్పందం

చాలామంది అనుకునేదేమిటంటే ప్రతి పువ్వులోనూ తేనె ఉంటుందని, దాని కోసమే పురుగులు వస్తాయని. తంగేడు పువ్వులో తేనె ఉండదు. అక్కడ దొరికేది పుప్పొడి ఒక్కటే. అది కూడా అంత సులువుగా దొరకదు. చాలా పూలలో పుప్పొడి తిత్తులు నిలువునా చీలి పుప్పొడి బయటకు రాలుతుంది. తంగేడులో అవి చీలవు. తిత్తి కొనలో ఉప్పు డబ్బా మూతకు ఉన్నట్టు చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. డబ్బాను ఊపితే ఉప్పు రాలినట్టు, తిత్తిని అదిలిస్తే పుప్పొడి రాలుతుంది.

ఆ అదిలించే పని నల్ల తుమ్మెద చేస్తుంది. పువ్వును కాళ్ళతో గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలను అతి వేగంగా అదురుస్తుంది. అప్పుడు వచ్చే ఝుమ్మనే శబ్దం కాస్త దగ్గరగా నిలబడితే మనకు వినిపిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి చిమ్ముకుంటూ వస్తుంది. పువ్వులో కేసరాలు కూడా అన్నీ ఒకే పని చేయవు. నడుమనున్న పొట్టి కేసరాలు తుమ్మెదకు తిండి పెడతాయి. కిందికి వంగిన పొడవాటి కేసరాలు తుమ్మెద ఒంటికి పుప్పొడి పూస్తాయి. ఆ పూసిన పుప్పొడే ఇంకో పువ్వుకు చేరి కాయ కడుతుంది. మనం పెంచుకునే తేనెటీగకు ఈ విద్య రాదు. అది వచ్చినా రాలిన పుప్పొడి ఏరుకుని పోవలసిందే.

దీనివల్ల మనకేమిటి అని అడగవచ్చు. మన మెస్సులో వారానికి ఎన్నిసార్లు వంకాయ కూర వస్తుందో లెక్క పెట్టుకోండి! వంకాయ, టమాటా పూలలో కూడా పుప్పొడి కొన నుంచే బయటకు వస్తుంది. వాటిని కూడా ఇలా అదిలించే తుమ్మెదలు, నీలి చారల ఈగలు వస్తే కాయ బాగా పడుతుంది. ఆనప, గుమ్మడి, బీర, కాకర పాదులకు ఆడ పువ్వు వేరు, మగ పువ్వు వేరు. పురుగు వాలకపోతే పిందె నిలవదు. ఉద్దానం జీడితోటలకూ పురుగులే ఆధారం. ప్రపంచంలో ముఖ్యమైన ఆహార పంటల రకాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఎంతో కొంత మేర పురుగులు, పక్షులు, గబ్బిలాల వంటి జీవుల పరాగ సంపర్కం మీద ఆధారపడ్డాయని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు.

ఈ ఈగలూ తుమ్మెదలూ మన పంట పూసే నెలలోనే పుట్టి, పంట అయిపోగానే మాయమైపోవు. ఏడాది పొడుగునా వాటికి తిండి ఉండాలి. తంగేడు వానల తర్వాత విరగపూసి, సంక్రాంతి దాకా నిలిచి, మిగిలిన నెలల్లో కూడా అంతో ఇంతో పూస్తూనే ఉంటుంది. పొలంలో పువ్వు లేని రోజుల్లో గట్టు మీద పువ్వు ఉండటం రైతుకు కూడా లాభమే. మన విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి, ఎ.జె. సాల్మన్ రాజు వంటి ఆచార్యులు ఈ ప్రాంతపు మొక్కల పరాగ సంపర్కం మీదనే ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు. అంటే ఇది ఎక్కడో విదేశాల్లో చదువుకునే చదువు కాదు, మన పెరట్లో చదువుకునే చదువు.

పువ్వుంటే చాలదు, ఆకు కావాలి

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. లాంటానా విదేశీ మొక్క కదా, దాని మీద కూడా సీతాకోకచిలుకలు గుంపులుగా వాలుతున్నాయి కదా, మరి మన మొక్కే ఎందుకు అని. మంచి ప్రశ్నే. సీతాకోకచిలుక లాంటానా మీద తేనె తాగుతుంది, నిజమే. కానీ గుడ్డు ఎక్కడ పెడుతుంది? దాని పిల్ల ఏ ఆకు తింటుంది? మనకు కనపడే రెక్కల సీతాకోకచిలుక ఆ ప్రాణి జీవితంలో చివరి అంకం మాత్రమే. అంతకు ముందు అది ఆకులు తినే పురుగు. ఆ పురుగు ఏ ఆకు పడితే ఆ ఆకు తినదు. తరతరాలుగా తనకు పడిన ఆకే తింటుంది. లేత పసుపు, ఆకుపచ్చ కలిసిన తెల్లటి రెక్కలతో వానల తర్వాత గుంపులుగా ఎగిరే సీతాకోకచిలుకల పిల్లలకు తంగేడు జాతి ఆకే అన్నం. గడ్డి మీద తక్కువ ఎత్తున ఎగిరే చిన్న పసుపు సీతాకోకచిలుకలు కూడా ఈ ఆకు మీద గుడ్లు పెడతాయి.

ఆ పురుగులే పిట్టలకు తిండి. పెద్దయ్యాక గింజలు, పళ్ళు తినే పిట్టలు కూడా గూట్లో పిల్లలకు ఎక్కువగా మెత్తటి పురుగులే పెడతాయి. కాబట్టి తంగేడు ఆకుకు చిల్లులు పడ్డాయంటే మొక్కకు జబ్బు చేసిందని మందు కొట్టకూడదు. అక్కడ వంట సాగుతోందని అర్థం! కొద్ది వారాల్లో మొక్క మళ్ళీ చిగురిస్తుంది. క్రోటన్ ఆకు ఎప్పుడూ చిల్లు పడకుండా మెరుస్తూ ఉంటుంది. ఎందుకంటే దానితో ఇక్కడ ఏ ప్రాణికీ పెద్దగా చుట్టరికం లేదు.

ఎచ్చెర్ల చుట్టుపక్కల ఈ చుట్టరికం వేగంగా తెగిపోతోంది. తీరం వెంట సరుగుడు తోటలు వేశారు. తుఫాను గాలికి అడ్డుగా, వంట చెరకుగా, గుడిసె వాసాలుగా సరుగుడు మేలు చేసింది, కాదనను. కానీ దాని పువ్వులో పరాగ సంపర్కం చేసేది గాలి, కనుక తుమ్మెదకు అక్కడ పని లేదు. 2008లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చింది. ఎస్.ఎం. పురంలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. జాతీయ రహదారి వెడల్పయింది. ఇవి రాకపోతే మనలాంటి ఇళ్ళ నుంచి ఇంతమంది పై చదువులకు వచ్చేవాళ్ళమా? కనుక ఇవి వద్దనడం లేదు. కానీ భవనం లేచిన చోటల్లా ముందు పోయేది మెట్ట మీది తుప్పలే. పోయిన దాంట్లో పిడికెడు తిరిగి పెట్టడం భవనాల్లో చదువుకుంటున్న మన పని.

తంగేడు చెక్క మరచిపోయిన చరిత్ర

తంగేడుకు ఇంగ్లీషులో తోలు పని వాళ్ళ మొక్క అని అర్థం వచ్చే పేరు కూడా ఉంది. దాని చెక్కలో టానిన్ అనే పదార్థం సమృద్ధిగా ఉంటుంది. పచ్చి తోలు కుళ్ళిపోకుండా, నీటికి చెడకుండా, మెత్తగా మన్నేలా చేసేది అదే. లందలో సున్నంతో తోలు నానబెట్టి, వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క రసంలో ఊరవేసి పదును చేసేవారు. ఆ తోలుతోనే చెప్పులు, డప్పులు, బావిలోంచి నీళ్ళు తోడే మోట సంచులు తయారయ్యాయి. బ్రిటిష్ కాలంలో మద్రాసు రాష్ట్రం నుంచి ఇంగ్లండుకు ఎగుమతి అయిన తోళ్ళకు పేరు తెచ్చినది కూడా తంగేడు చెక్కే. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ చెక్క, ఆపైన రసాయనాలు వచ్చి దాని చోటు తీసుకున్నాయి.

ఊరి పొలం తడిపిన మోట సంచి ఎవరి చేతుల్లో తయారైంది? ఆ చేతుల వాళ్ళను ఊరు ఎక్కడ ఉంచింది? ఈ పత్రిక చదివే వారికి నేను విడమరచి చెప్పనక్కర్లేదు. తోలు కావలసి వచ్చింది, తోలు పని చేసినవాడు మైల అయ్యాడు. ఏ చెక్క ఎంత వేయాలి, ఎన్ని రోజులు ఊరాలి, ఎప్పుడు తీయాలి అన్నది రసాయన శాస్త్రం కాక మరేమిటి? దాన్ని పుస్తకం లేకుండా, బడి లేకుండా, ల్యాబు లేకుండా నేర్చుకుని కొడుకులకు నేర్పిన వాళ్ళను చదువు లేని వాళ్ళు అన్నారు.

ఇప్పుడు మనకు చదువు వచ్చింది. ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్న వాళ్ళం ఈ పత్రిక పాఠకుల్లో చాలామందిమి ఉన్నాం. చదువుతో పాటు ఒక ప్రమాదం కూడా వస్తుంది. సెన్నా ఆరిక్యులేటా అని పరీక్షలో రాయగలిగి, మన అమ్మమ్మ ఆ మొక్కతో ఏమేం చేసేదో అడగడానికి మాత్రం నామోషీ పడటమే ఆ ప్రమాదం. రాక్స్‌బర్గ్ దొర మన ఊళ్ళ వాళ్ళను అడిగి పేర్లు రాసుకోగా లేనిది, మన వాళ్ళను మనం అడగడానికి సిగ్గు ఎందుకు? తంగేడు నాటడం అంటే నా దృష్టిలో తుమ్మెదకు తిండి పెట్టడం ఒక్కటే కాదు. మన పెద్దల తెలివిని ప్రహరీ లోపలికి గౌరవంగా పిలవడం కూడా.

పాములు, దోమలు, అందం

వార్డెన్ గారు, వంట అక్కలు, తల్లిదండ్రులు అడగబోయే ప్రశ్నలు ఉన్నాయి. తుప్పలుంటే పాములు రావా? పాము ఎలుకల కోసం వస్తుంది, ఎలుక మనం పారేసిన అన్నం కోసం వస్తుంది. కనుక ముందు ఎంగిలి పారేసే చోటు సరిచేయాలి. అయినా పిల్లలు పడుకునే గదుల పక్కన, నడిచే దారి పక్కన తంగేడు వేయమని నేను అనను. గదులకు దూరంగా ప్రహరీ వెంట వేసి, మొదట్లో జానెడు ఎత్తు వరకు కొమ్మలు తీసేస్తే కింద నేల కనిపిస్తూ ఉంటుంది. దోమల సంగతి అయితే, అవి గుడ్లు పెట్టేది నిలిచిన నీటిలో, ఆకుల మీద కాదు. నీళ్ళు నిలిచే కుండీ పళ్ళేలు తగ్గితే దోమ కూడా తగ్గుతుంది. తుమ్మెద కుడుతుందన్న భయం చాలామందికి ఉంది. మగ తుమ్మెదకు కొండే ఉండదు. ఆడ తుమ్మెద చేత్తో పట్టుకుని నలిపితే తప్ప సాధారణంగా కుట్టదు. ఇక అందం మాట. డిసెంబరు ఎండలో నిండుగా పూసిన తంగేడు వరుసను చూసి అందంగా లేదన్న వాళ్ళతో నేను వాదించను.

తంగేడు ఒక్కటే అన్నీ చేయదు. దానిలో తేనె లేదు కనుక, వరుస రెండు చివర్లా వావిలి వేస్తే దాని నీలి పూలకు తేనెటీగలు, సీతాకోకచిలుకలు వస్తాయి. వంటగది వెనక రెండు కరివేపాకు మొక్కలు ఉంటే చారులోకి ఆకు, నల్ల సీతాకోకచిలుకల పిల్లలకు తిండి, పిట్టలకు పండు.

ఈ ఏడు ఇలా చేద్దాం

మొక్కలు కొనవద్దు. చలికాలం చివర తంగేడు కాయలు ఎండి గలగలలాడతాయి. అంటే సరిగ్గా వార్షికోత్సవాల కాలంలో. సెలవు రోజున వెళ్ళి, ఒక మొక్క నుంచి అన్నీ దులపకుండా, తలో కొన్ని కాయలు ఏరండి. గింజలు తీసి కాగితం పొట్లాలు కట్టండి. ముఖ్య అతిథి చేత మొక్క నాటించడానికి బదులు ఆ పొట్లాలు పంచిపెట్టించండి. ప్రతి విద్యార్థీ ఒకటి దాచుకోవాలి, ఒకటి ఊరికి తీసుకువెళ్ళాలి.

తంగేడు గింజకు పెంకు గట్టిది. విత్తే ముందు గరుకు రాయి మీద కొద్దిగా రుద్ది, ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టాలి. జూన్‌లో హాస్టల్ తెరిచాక మొదటి గట్టి వాన పడగానే, మూడడుగులకు ఒక గుంట చొప్పున రెండు మూడు గింజలు వేయాలి. కవర్లలో పెంచి మార్చడం కంటే ఉన్నచోటే విత్తడం మంచిది, ఎందుకంటే తల్లి వేరు తెగకుండా లోతుకు పోతుంది. మొదటి ఏడు మాత్రం సెలవులకు ముందు మొదట్లో ఎండుటాకులు దట్టంగా కప్పి వెళ్ళండి. మూలన రెండు ఎండు వెదురు బొంగులు కట్టి ఉంచితే తుమ్మెద వాటిలో గూడు పెట్టుకుంటుంది. పురుగు మందు వద్దు. పూత కాలంలో కత్తిరింపు వద్దు.

పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. మనం హాస్టల్‌కి వచ్చినప్పుడు ఫ్యానో, గడియారమో బహూకరించి పేరు రాయిస్తాం. మంచిదే. ఈసారి వచ్చేటప్పుడు మీ ఊరి గట్టు మీది పిడికెడు తంగేడు గింజలు కూడా తీసుకురండి. వాటి మీద పేరు రాయడం కుదరదు కానీ అవి పూసినప్పుడు పిల్లలు మిమ్మల్ని తలుచుకుంటారు.

విద్యార్థి నాయకులకు ఇంకొక విన్నపం. శ్రమదానానికి దిగే ముందు రోజు సాయంత్రం, మొక్కలు తెలిసిన ఒక పెద్దమనిషిని, అది వాచ్‌మన్ తాత కావచ్చు, వంట చేసే అక్క కావచ్చు, వెంటబెట్టుకుని ప్రహరీ చుట్టూ ఒకసారి తిరగండి. ప్రతి తుప్ప పేరు, దాని ఉపయోగం అడిగి నోటు పుస్తకంలో రాయండి. వయ్యారిభామ అయితే పీకేయండి. తంగేడు అయితే దానికి చుట్టూ సున్నం వేసిన ఇటుకలు పెట్టండి. ఆ నోటు పుస్తకంలోని పేజీలు వచ్చే ఏడాది ఈ పత్రికలో అచ్చు వేయండి. అది ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకని పాఠం అవుతుంది.